అభ్యంతరములు ఏమైనా ఉన్నచో

ఎన్నికల ప్రకటన వచ్చిన మర్నాటినుంచి
మా స్టేషన్‌కి తుపాకులు వస్తాయి.
కొన్ని కారు దిగుతాయి, ముఖమల్ గుడ్డలో.
కొన్ని ఇరవై ఎనిమిదో నంబరు బస్సు దిగుతాయి
పాత దుప్పటి చుట్టుకుని, జ్వరమొచ్చిన పిల్లల్లా.

రిజిస్టరు నాది.
పేరు, నంబరు, గొట్టాలెన్ని, తూటాలెన్ని, తుప్పుందా.
ఉంటుంది. ఈ ఊళ్ళో ఉప్పుగాలి
ఎవరి ఇనుమునీ వదిలిపెట్టదు.

బెంచీమీద రోజూ అదే తగువు.
"దొంగల దగ్గరున్నవి లాక్కోలేరు గానీ
లైసెన్సున్నవాళ్ళ మీద పడతారు" అని
లాసన్స్ బే కాలనీ భూపతిరాజు గారు.
"మా తాత పట్టిన తుపాకి. నా హక్కు."
కంచరపాలెం దాలినాయుడు, బ్యాంకు కాపలా,
డబుల్ బ్యారెల్‌ని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని
"హక్కేటి బాబూ, బువ్వ.
తుపాకుంటే పద్దెనిమిదివేలు, కర్రుంటే పది.
ఈ రెండు నెల్లూ కర్రే."
డాక్‌యార్డులో రిటైరైన పెద్దాయన నవ్వాడు.
"ముప్ఫై ఏళ్ళు. ఒక్కసారీ పేలలేదు నాది."
"మరెందుకండి?" అన్నాడు
టీ గ్లాసులు ఏరుతున్న కుర్రాడు.
ఎవరూ మాట్లాడలేదు.
పోర్టులో ఓడ కూసింది.
అదే జవాబనుకుని వెళ్ళిపోయాడు.

నన్నడిగితే నేనేం చెప్పను?
డ్యూటీని బట్టి నా నడుముకీ ఒకటి వేలాడుతుంది.
కేజీహెచ్ మార్చురీ మెట్లమీద కూర్చుని
పంచనామా రాసిన రాత్రులూ ఉన్నాయి.
తూటా చేసే చిల్లు ఎంతుంటుందో తెలుసు.
చొక్కా కాజా అంత.
ఏ గుండీతోనూ మూయలేని కాజా.

పోలింగు అయిన వారానికి
ఒకావిడ వచ్చింది, ఆటో దూరంగా ఆపించి.
"లెక్కింపు ఎప్పుడమ్మా?"
చెప్పాను.
"ఎక్కడైనా రీపోలింగు పెడతారా?"
"ఇక్కడ లేదండీ."
ముఖం చిన్నబోయింది, పరీక్ష తప్పిన పిల్లలా.
పేరు సుభద్రాయమ్మ.
రిజిస్టరులో పదిహేడో వరస తుపాకీకి
భార్య.

"ఈ నలభై రోజులూ నిద్రపోయానమ్మా" అంది.
కొట్టారా?
"లేదు."
బెదిరించారా?
"అన్నం తినేటప్పుడు బల్లమీద పెట్టుకుంటారు.
ఉప్పుడబ్బా పక్కన.
కూర బాగుందో లేదో చెప్పరు.
దాన్ని తుడుస్తారు, అంతే."

దీనికి ఏ సెక్షను రాయను?
దరఖాస్తుదారుకి ఎవరివల్ల ప్రాణభయం
అని అడుగుతుంది ఫారం, రెండు వరసల జాగా ఇచ్చి.
దరఖాస్తుదారువల్ల ఎవరికి
అన్న గడి లేదు.
"తిరిగివ్వండి" అనడానికి రసీదుంది.
"ఇవ్వకండి" అనడానికి ఆటో ఛార్జీలు తప్ప
ఆవిడ దగ్గర ఏమీ లేదు.

ఫలితాలొచ్చాయి. బీచిరోడ్డంతా రంగునీళ్ళు.
మర్నాడు దాలినాయుడు ముందే వచ్చాడు.
తుపాకి అందుకుని, తుండుతో మొహం తుడుచుకున్నట్టు
దాన్నీ తుడిచి,
"రేపట్నించి పద్దెనిమిది, మేడమ్గారూ" అన్నాడు.
సంతోషపడ్డాను. నిజంగానే.
అదే చేత్తో రెండో పని చెయ్యాలి కదా
అని అప్పుడే చెయ్యి బరువెక్కింది.

భూపతిరాజు గారి లైసెన్సు రెన్యువలూ
నా బల్లమీదే ఉంది.
ఆఖరి వరస: అభ్యంతరములు ఏమైనా ఉన్నచో.
తర్వాత అరంగుళం చుక్కలు.
ఇరవై రెండేళ్ళుగా అక్కడ "లేవు" అని రాస్తున్నాను,
పెన్ను ఎత్తకుండా, రెండే అక్షరాలు.
ఇవాళ ఉప్పుడబ్బా దగ్గర మొదలుపెట్టాను.
చుక్కలు చాలలేదు. అంచు దాటింది.
కాగితం తిప్పి వెనక రాశాను.
పైవాళ్ళు చదువుతారో, కొట్టేస్తారో.

కారు ఆగింది. రసీదు బల్లమీద పడింది.
"మాల్‌ఖానా తాళం ఎస్సైగారి దగ్గరుందండీ,
ఆయన సింహాచలం వెళ్ళారు. రేపు రండి."
తాళంచెవి నా జేబులోనే ఉంది,
తొడకి గుచ్చుకుంటూ.
ఆయన గడియారం చూసుకున్నారు.
"రేపు ఎన్నింటికి?"