కుంచానికి మూడు చూపులు

మొదటి నెలంతా ఒకటే ఇనుప ముక్క.
దానికి పేరు లేదు, జాబ్ అంటారు.
వైసులో బిగించి, మోచేతులు ఒంటికి ఆనించి
తొయ్యడం, తేలిగ్గా వెనక్కి తేవడం, మళ్ళీ తొయ్యడం.
"ఆస్తే, ఆస్తే" అంటాడు సబత సారు,
"పోయేటప్పుడే కోస్తుంది ఇది,
వచ్చేటప్పుడు దానికి పళ్ళుండవు."

సారు చెప్పేది ఒడియాలో. పుస్తకం ఇంగ్లీషులో.
చేతికి మాత్రం ఆ మాటలు ముందే తెలుసు:
ఆకురాయి, మూలమట్టం, పట్టుకారు, దాగలి.
కాశీనగర్‌లో మా మావ కొలిమి ఆరి ఏడేళ్ళు.
తిత్తి ఎలకలు కొట్టేశాయి, సమ్మెట తూకానికి పోయింది.
మాటల్ని ఎవడూ తూకానికి కొనలేదు.

ఇరవై ఒక్క మందిమి ఫిట్టరు ట్రేడులో.
ఇరవై మందికి భుజాలు సరిపోయిన నీలం చొక్కా
నాకు మోకాళ్ళ దాకా వచ్చింది.
పక్క వైసు ఐజాక్ రైతోది, కొండ మీది సవర గూడెం.
నా అరచెయ్యి బొబ్బ చూసి నవ్వలేదు.
"ధిల్లేశ్వరీ, నువ్వు అంట్లు తోముతున్నావు" అన్నాడు,
"కాలు కాస్త వెనక్కెయ్యి. నడుంతో తొయ్యి."

గురువారాలు డ్రాయింగు.
పైనుంచి చూసింది కింద గియ్యాలి.
ఎడమ నుంచి చూసింది కుడి పక్కన గియ్యాలి.
"అదేంటి సార్?"
"ఫస్ట్ యాంగిల్. అంతే."
అంతేనని నాకూ అనిపించింది.
పాతపట్నం పిన్ని మమ్మల్ని ఒడియావోళ్ళు అంటుంది.
భువనేశ్వర్ నుంచి వచ్చిన ఎగ్జామినరు
రిజిస్టరులో నా పేరు రెండుసార్లు కూడబలుక్కుని
"తెలుగు పిల్లా?" అన్నాడు.
నేను కదలకుండా నిలబడ్డాను, వస్తువులా.

ఇంట్లో ఉన్నదేదైనా గీసుకు రమ్మంటే
అమ్మ కుంచం తీశాను.
పైనుంచి వృత్తం. ముందు నుంచి నిలువు చతురస్రం.
పక్క నుంచి చూసినా అదే, ఇంకోసారి.
లోపలి అడుగు బయటికి కనబడదు కాబట్టి చుక్కల గీత.
అమ్మ కాగితం తిప్పి తిప్పి చూసింది.
"సొట్ట ఏదే? మీ నాన్న ఇసిరేసినప్పటిది?"
సొట్టలు గియ్యరమ్మా అన్నాను.
"అయితే ఇది కొట్లో కుంచం, మనది కాదు" అంది.
చెరిపి సొట్ట పెట్టాను.
సబత సారు ఒక మార్కు కోసేశాడు.

పరీక్షకి చదరపు రంధ్రంలో చదరపు ముక్క కూర్చాలి.
సర్ఫేస్ ప్లేటుకి నీలం పూసి, ముక్కని దానిమీద రుద్ది,
ఎత్తున్న చోట అంటిన నీలాన్ని
ఒక్కొక్క గీకుడుగా తియ్యాలి.
తీశాను. ఇంకొంచెం తీశాను.
ఆ ఇంకొంచెమే ఎక్కువైంది.
ఇనుము అరిగాక తిరిగి పెరగదు, గోరు కాదు.
సారు కూర్చిన ముక్కని కిటికీ వైపు ఎత్తాడు.
ఒక అంచున సన్నగా, వెంట్రుకంత వెలుతురు.
ఏమీ అనలేదు. నాకు చూపించాడు.
వెలుతురు కనబడితే తప్పు అన్న పని
ఇదొక్కటేనేమో లోకంలో.

ఆ రాత్రి అమ్మ పేల దువ్వెనతో దువ్వుతుంటే
ఒళ్ళో పరిచిన కాగితం మీద మెరుస్తూ రాలింది.
"ఏటే, నెత్తి మీద ఇనుం పండిస్తన్నావేటి?"
నేను వినడం లేదు.
మా వీధి తలుపు చూస్తున్నాను.
అవతల కరెంటు స్తంభం దీపం,
తలుపు చుట్టూ దాని పచ్చటి గీత.
పైన రెండు మిల్లీమీటర్లు, గొళ్ళెం దగ్గర నాలుగు,
కింద నా చిటికెన వేలు దూరేంత.
ఇన్నేళ్ళూ ఈ తలుపు వెనకే పడుకున్నాను.

"ఆదివారం చిత్రిక తెచ్చి ఆ తలుపు సరిచేస్తానమ్మా" అన్నాను.
అమ్మ చిక్కు తీయడం ఆపలేదు.
"దాని జోలికెల్లకు.
తెల్లారిందో లేదో నాకు ఆ సందే చెప్తాది."