మెడలోతు మట్టి

గిమ్లిలో మే మొదటి వారం.
సరస్సు మీద మంచు ఇంకా పూర్తిగా విడవలేదు.
వంటింటి కిటికీలోంచి చూస్తే స్ప్రూస్ చెట్టు
తుప్పు పట్టిన ఇనుములా ఉంది.

ఆకు రాల్చే చెట్టునైతే ఎవరూ ఏమీ అనరు.
ఏడాదంతా పచ్చగా ఉంటానన్న చెట్టు
మాట తప్పితే
ఊరు ఊరంతా తలో మాటా అనిపోతుంది.

పోస్టాఫీసులో ఒకామె: "దాహం."
పెట్రోలు బంకు కుర్రాడు: "నీళ్ళెక్కువ."
థోర్డిస్ మాత్రం ఎప్పుడో తీర్పు రాసేసింది:
పక్కింటి ఒనూఫ్రి.
చలికాలమంతా తన వాకిట్లో ఉప్పు చల్లి
ఆ మంచును పారతో ఎత్తి
కంచె మీదుగా ఇటు విసిరేది అతనేగా.
రెండేళ్ళుగా మాటల్లేవు.
అతని కుక్కతో మాత్రం మాట్లాడుతుంది,
దానికేం తెలుసు పాపం.

ముప్పై ఒక్కేళ్ళు బడి బస్సు నడిపిన మనిషి.
ఇంజను గొంతు వింటే
ఏ బోల్టు వదులైందో చెప్పేస్తుంది.
చెట్టు చప్పుడు చెయ్యదు, అదే చిక్కు.
కొమ్మ కింద తెల్లకాగితం పట్టి
రెండు దెబ్బలు కొట్టింది.
దుమ్ము. రెక్క తెగిన దోమ.
నడుస్తున్న చుక్కలు నాలుగు.
నాలుగు నల్లులకి ఇంత చెట్టు ఒరగదు.
భూతద్దం పెట్టి సూది సూదీ వెతికింది.
బూజైతే నల్లచుక్కలు వరసకడతాయట,
ఒక్కటీ లేదు.
ఇక ఉప్పే. ఇక ఒనూఫ్రియే.

అటవీశాఖ నుంచి వచ్చిన డెల్ఫీన్
ఆకుల వంక చూడనే లేదు.
మోకాళ్ళ మీద కూర్చుని అడిగింది:
"దీని మెడ ఏది?"
నేలలోకి దిగేచోట
చెట్టు ఏనుగు పాదంలా విచ్చుకోవాలట,
ఇది కరెంటు స్తంభంలా దిగబడింది.
"ఉప్పే అయితే కంచెవైపు ముందు మాడాలి కదా,
మీ కిటికీవైపే ఎక్కువ మాడింది, చూడండి."

చేతులతోనే తవ్వారు.
జానెడు లోతున
దారి తప్పి తమను తామే చుట్టుకున్న వేళ్ళు.
వాటి కింద, బెరడు సగం మింగేసిన
నారింజ రంగు నైలాన్ తాడు.
పసివాడి మొలతాడు
మీసాలొచ్చినా విప్పకపోతే ఎలా ఉంటుందో
అలా.

ఆ ముడిని థోర్డిస్ గుర్తుపట్టింది.
రెండు చుట్లు, ఒక మడత,
బస్సు టైర్లకి మంచుగొలుసులు బిగించే ముడి.
ఇల్లు కొన్న ఏడాది
మొక్కను ట్రక్కులో తెచ్చిన రోజు
సాయంత్రం విప్పుదామనుకుంది.
ఇరవై రెండేళ్ళ సాయంత్రం.

కత్తి దిగలేదు.
కంచె సందులోంచి ముందు కుక్క వచ్చింది,
వెనకే పాత పేపరులో చుట్టిన సన్న రంపం,
దాని వెనక ఒనూఫ్రి.
"దుప్పి ఎముకలకి వాడేది," అన్నాడు.
"కడిగాను."

పైకి తేలినంత తాడు తీశారు.
చెక్కలో కలిసిపోయింది కలిసిపోయింది.
మెడ చుట్టూ మట్టి లాగేశారు.
రాత్రంతా పెన్సిలంత ధారగా నీళ్ళు.
"ఎరువు?" అంటే డెల్ఫీన్ నవ్వింది:
"జ్వరం మనిషికి విందు పెడతామా?"
"బతుకుతుందా?"
"రెండేళ్ళయ్యాక అడగండి."

ఎండిన కొమ్మ మళ్ళీ చిగురించదు,
ఈ జాతికి ఆ అలవాటు లేదు.
పదకొండు కొమ్మలు కోసేసింది.
వంటింట్లోకి కొత్తగా వెలుతురొచ్చింది,
దాంతోపాటు ఒనూఫ్రి వరండా కూడా,
అక్కడ ఒక కుర్చీ, ఒకే కప్పు.

ఆ చలికాలం అతను ఉప్పు మానేసి
ఇసుక చల్లాడు.
తప్పు ఉప్పుది కాదని
ఎవరూ అతనికి చెప్పలేదు.
చెప్పాలనే ఆమె రెండుసార్లు బూట్లు వేసుకుంది.
రెండుసార్లూ కుక్కతో మాట్లాడి తిరిగొచ్చింది.

జూన్‌లో కిటికీ గట్టు మీద
ఉల్లిపొరల్లాంటి గోధుమరంగు టోపీలు రాలాయి,
మొగ్గలు విప్పి పారేసినవి.
ఏరి లెక్కపెట్టింది. పదిహేడు.
నిరుడు ఎన్ని రాలాయో
తనెప్పుడూ లెక్కపెట్టలేదు.