వెనక ఎడమది

జుమా సూకులో పన్నెండు దినార్లకు బేరమాడి తెచ్చినాం.
ఐదు చిన్న పెట్టెలు, ఒక పెద్ద పెట్టె,
రిమోటు లేదు, వైర్లు సగమే.
అమ్మినాయన "తమామ్, తమామ్" అని
బొటనవేలు చూపించినాడు.
బొటనవేలికి గ్యారంటీ ఎన్నాళ్ళో అడగడం మరిచినాం.

పుస్తకం మాత్రం కొత్తగా ఉంది.
అందులో సోఫా మీద ఒక కుటుంబం,
వాళ్ళ చుట్టూ ఒక వృత్తం, వృత్తం మీద డిగ్రీలు.
హసావీలో మూడో అంతస్తు, మూడు జంట మంచాలు, ఆరుగురం.
మా గదిలో వృత్తం పట్టదు.
నడిమధ్యన నిలబడితే మోకాలికి గ్యాసు బండ తగులుతుంది.

ఏసీ మెకానిక్కును గదా, పని నా మీద పడింది.
ముందువి రెండూ టీవీకి అటూ ఇటూ,
బియ్యం బస్తా మీద ఒకటి, ఇస్త్రీ బల్ల మీద ఒకటి.
మాటలు పలికేది టీవీ కింద.
పెద్దది ఓబులేసు మంచం కింద.
అది ఉరిమితే కింది అంతస్తు మిసిరీ ఆయన
చీపురుకట్టతో తన ఇంటి కప్పును పొడుస్తాడు.
వెనక కుడిది కిటికీ మీద.
వైరు చాలక, ఏదో విల్లాలో పారేసిన
థర్మోస్టాటు తీగ అతికినాను,
పళ్ళతో తొడుగు లాగి, రాగిపోగులు మెలేసి.
మేకు కొడితే హారిస్ ఊరుకోడు,
మంచం కమ్మీ వెంబడి ముడులు వేసుకుంటూ పోయినాను.

వెనక ఎడమది మిగిలింది.
ఎట్లా తిప్పినా పెంచలయ్య మామ తలగడ కాడికే వస్తుంది.
రొట్టెల ఫ్యాక్టరీలో తెల్లార్లూ నిలబడి
పగలు పండుకునే మనిషి.
"పెట్టుకోండిరా, చెవులేమన్నా అరిగిపోతాయా" అన్నాడు.

సరిచూసే శబ్దం మొదలైంది.
శ్ శ్ శ్ అని
దుమ్ముగాలి తలుపు సందు వెతుక్కున్నట్టు
ఎడమ నుంచి నడిమికి, నడిమి నుంచి కుడికి,
చుట్టు తిరిగి మామ చెవి కాడ ఆగింది.
దూరమెంత అని అడిగింది మిషను.
మిగతావాటికి రెండు మీటర్లని నొక్కినాను.
ఆయనకు జానెడు.
జానెడు దాకా దిగదు దాని లెక్క.

శుక్రవారం రాత్రి సినిమా.
మేం మాటలు విన్నాం, కొట్లాటలు విన్నాం.
వెనక పెట్టెలోకి మాటలు రావు, దాని పద్ధతి అది.
మామకు వచ్చిందల్లా వాన.
ఎవరో వేసిన తలుపు.
రైలు దాటినాక మిగిలే మోత.
జనం చప్పట్లు, ఎందుకు కొట్టినారో తెలియని చప్పట్లు.
ముందర ఎవరో ఏడుస్తుంటే
ఆయన చెవిలో మాత్రం కాకి.
"మామా, కథ అర్థమయిందా?" అన్నాడు మహబూబు బాషా.
"కథ మీరు చూడండి, నాకు వాన బాగుంది" అని
గోడ తట్టు తిరిగినాడు.

నెల గడిచింది. దుమ్ము తుడుస్తూ చూసినాను,
వెనక ఎడమదానికి
ఎర్ర తీగ నల్ల రంధ్రంలో, నల్లది ఎర్రదాంట్లో.
నా చేతి తప్పే.
జోడీది ముందుకు నెట్టేటప్పుడు ఇది వెనక్కి లాగుతుంది,
చప్పుడు ఎటునుంచి వస్తుందో తేలదు.
పదకొండేళ్ళ పనితనానికి సిగ్గేసింది.
ఎవరికీ చెప్పకుండా సరిచేసినాను.

ఆ శుక్రవారం సినిమా సగంలో
మామ లేచి కూర్చున్నాడు.
"ఏం చేసినావురా దీన్ని?"
"ఏం లే మామా, తప్పుంటే దిద్దినా."
"మొన్నటిదాకా వాన బయట కురిసేది.
ఇప్పుడు డబ్బాలో కురుస్తాంది."

బయట ఆ పూట నలభై ఎనిమిది.
ఏసీ నీళ్ళు బకెట్లో ఒక్కొక్క చుక్కే పడుతున్నాయి.
ఓబులేసు నవ్వబోయి ఆగినాడు.
బాషా టీవీని ఆపి పెట్టినాడు.

స్క్రూడ్రైవరు నోట కరుచుకుని మంచమెక్కినాను.
ఎర్రది తీసి నల్లదాంట్లో, నల్లది తీసి ఎర్రదాంట్లో.
పని నేర్పిన ఉస్తాదు చూసివుంటే చెవి మెలేసేవాడు.

మళ్ళీ మొదలైంది.
మామ కాసేపు విని, పండుకుని,
దుప్పటి కాళ్ళ మీదికి లాక్కుంటూ అన్నాడు,
"ఆ కిటికీ వెయ్యండిరా ఎవరన్నా,
జల్లు కొడతాంది."