నలభై మూడుకు ముస్తాబు

గోవా వాళ్ళు ఖాళీ చేసి రెండు నెలలు.
ఫహాహీల్‌లో, నాలుగో అంతస్తులో, నలభై మూడు.
కిటికీ గాడిలో ఇసుకగాలి వదిలిపోయిన దుమ్మును
పాత టూత్‌బ్రష్షుతో గీకుతున్నాను.
గీకినకొద్దీ వస్తూనే ఉంది.
ఎడారికి కూడా ఇక్కడే అద్దెకు కావాలేమో.

మందూబు రిఫాత్ గుమ్మంలో నిలబడి,
సిగరెట్టు బయటికి, మాట లోపలికి:
"అబ్లూ, ట్యూబులైటు తీసెయ్, పసుపు బల్బు పెట్టు."
ఓబులేసు అనే పేరు ఆ నోట్లో పట్టదు.
ఏడేళ్ళుగా సగమే పిలుస్తాడు,
సగానికే పలుకుతాను.

పసుపు బల్బు పెట్టాను. గోడకు
ఎవరూ వేయని రంగు ఒకటి వచ్చింది.
సన్నటి నడవాలో అద్దం తగిలించాను.
నడవా రెండయింది, నేనూ రెండయ్యాను,
ఇద్దరం చీపుర్లు పట్టుకుని.
ఏసీ గొణగకుండా
కింద అట్టముక్క మడిచి దోపాను.
సముద్రం వైపు పరదా తీశాను. వేలెడు సముద్రం,
అదీ ఎదురు మిద్దె మీది రెండు ట్యాంకుల సందులో,
తల కొంచెం ఎడమకి వంచితే.
చెత్తడబ్బాల వైపు పరదాకు పిన్నీసు పెట్టేశాను.

గోడల్లో మేకుల బొక్కలు పదకొండు.
లప్పానికి రిఫాత్ ఒక్క ఫిల్సు రాల్చడు.
నా టూత్‌పేస్టే తెచ్చి నింపాను,
వేలితో అదిమి, తడిగుడ్డతో తుడిచి.
ఏ మేకుకు ఏం వేలాడిందో గుర్తే:
ఇది మేరీమాత, ఇది గడియారం,
తలుపు వెనకది చంటిదాని బడిసంచి.

మా నాయన పరసలో ఎద్దుల దళారి.
తువ్వాలు కింద వేళ్ళతోనే బేరం తెగ్గొట్టేవాడు.
కొమ్ములకు ఆముదం పూసి, మెడకు గంటలు కట్టి
తోలుకొచ్చేవాళ్ళను చూసి నవ్వేవాడు:
"కొనేటోడు కొమ్ములు చూడడురా,
నోరు తెరిపిచ్చి పండ్లు లెక్కబెడతాడు."

చూడ్డానికొచ్చారు.
లెబనాన్ ఆయన ముక్కుతోనే చూసి వెళ్ళాడు,
నేను వేసిన బఖూరు పొగ కింద
ఎప్పటిదో చేపల పులుసును పట్టేసింది ఆ ముక్కు.
కొత్తగా పెళ్ళయిన మలయాళీలు
ప్లగ్గులు లెక్కబెట్టుకుని, ఇద్దరూ ఒకేసారి
ఫోన్ చేస్తామన్నారు.

మూడో రోజు, జూలై మిట్టమధ్యాహ్నం, కెజియమ్మ.
ఆసుపత్రి నర్సు. కావలి ఆమె.
బల్బు చూడలేదు, అద్దం చూడలేదు,
వేలెడు సముద్రానికి తల వంచలేదు.
నేరుగా బాత్రూంలోకి పోయి
చన్నీళ్ళ కొళాయి తిప్పి, కింద చెయ్యి పెట్టి
చటుక్కున తీసేసుకుంది.

పండ్లు చూసేసింది.

రిఫాత్ కాలిక్యులేటర్ మీద
పది దినార్లు తగ్గించి చూపిస్తున్నాడు.
నాయన ఇంకో మాటా అనేవాడు:
"తన్నే ఎద్దును తన్నుతుందని చెప్పే అమ్మాల.
మళ్ళా ఏడు ఇదే పరసకు రావాల గదా."

తెలుగులో చెప్పాను:
"అమ్మా, మే నుంచి సెప్టెంబరు దాకా ఇంతే.
పైన ట్యాంకు ఉడుకుతుంది.
గీజరు స్విచ్చి వేయొద్దు. వేడినీళ్ళ కొళాయే తిప్పండి.
ఈ ఊళ్ళో గీజరులోవే చల్లటి నీళ్ళు."

ఆమె నవ్వలేదు. ఎర్రచుక్క ఉన్న కొళాయి తిప్పింది.
అర నిమిషం చేతిని అక్కడే ఉంచింది.
"మీ ఇంట్లోనూ ఇట్నేనా?"
"నాకు గీజరు లేదమ్మా, ట్యాంకు పక్క గది నాది.
రాత్రే బకెట్ పట్టి పెట్టుకుంటే
తెల్లారేసరికి ఒంటికి ఓర్చుకునేంత అవుతాయి."
"ఇంకేం లోపాలున్నాయి?" అంది.
చెప్పాను, అట్టముక్కతో సహా.

రిఫాత్‌కు ఒక్క ముక్కా అర్థం కాలేదు,
సంతకం ఎందుకు పడిందో కూడా.

శుక్రవారం సామాను దిగింది.
సుత్తి చేతికిచ్చి క్యాలెండర్ తగిలించమంది.
గోడ తట్టి చూసే పనేముంది?
మేకు మొన ఆనించాను.
ఒక్క దెబ్బకే దిగింది.
గోడలోంచి సన్నగా
పుదీనా వాసన.