ఆరో బల్ల

సినోప్‌లో చలి ఇంకా పూర్తిగా దిగలేదు.
చెల్లి నెస్రిన్ స్వెటర్ విప్పి నడుముకి చుట్టుకుంటుంది,
అమ్మ మళ్ళీ తొడుగుతుంది.
రేవు దాటేసరికి మూడుసార్లయింది ఈ తంతు.

వేట ఆపిన పడవలు ఒడ్డున బోర్లా పడుకున్నాయి
వీపు నిండా పచ్చి నీలం రంగుతో.
"ముట్టుకోకండే" అంటూనే
నాన్న వేలు పెట్టేశాడు.
తుడుచుకోను చోటు లేక పిల్లి వైపు చూశాడు.
పిల్లి లేచి వెళ్ళిపోయింది.

బండి దగ్గర పచ్చి ప్లమ్ కాయలు,
కాగితం పొట్లంలో చిటికెడు ఉప్పు.
ఏడాదికి మూడు వారాలే ఈ పులుపు,
ఆ తర్వాత అన్నీ తియ్యబడిపోతాయి.

నానమ్మ హాజెర్ ప్రతి బల్ల దగ్గరా ఆగుతుంది.
మోకాలని చెప్పదు,
సముద్రం బాగుందంటుంది.
సరే, మేమూ కూర్చుని
బాగుందంటాం.

నిరుడు ఈ రోజులకి దీపస్తంభం దాకా నడిచాం.
ఇవాళ మూడో బల్ల.
ఆ లెక్క ఎవరూ పైకి అనలేదు.

నాన్న నీలం వేలితో
ఐదో బల్ల చూపించాడు:
"వచ్చే ఆదివారం."

నానమ్మ కాయ కొరికింది,
పులుపుకి ఒక కన్ను మూసుకుపోయింది,
రెండో కంటితోనే దూరం కొలిచి
"ఆరోది" అంది.