దీమం పిట్ట

మే నెల అనంతపురం.
పేపర్లు దిద్దే హాల్లో ఫ్యాన్లు
ఉడుకును ఈ మూల నుంచి ఆ మూలకు మోస్తున్నాయి.
రోజుకు నలభై. ఇది ముప్పై మూడోది.
పేరుండదు, ఊరుండదు,
చించేసిన అట్ట మీద గీతలు గీతలుగా బార్‌కోడ్.

పదకొండో ప్రశ్న:
పంజరాన్ని ప్రతీకగా తీసుకున్న రెండు కవితల్ని పోల్చండి.
సామ్యాలకు నాలుగు, భేదాలకు నాలుగు,
ముగింపు బాగుంటే రెండు.

ముప్పై రెండు మందీ ఒకే గైడు మింగినారు.
మొదటి కవితలో చిలక కమ్మీలు కొరుకుతుంది,
రెండోదాంట్లో గోరింక తలుపు తీసినా కదలదు,
రెండూ స్వేచ్ఛను కోరుచున్నవి, కావున
కవులిద్దరూ ధన్యులు.
టిక్కు. టిక్కు. ఆరు.

ఈ పేపరు మాత్రం
"ఇద్దరు కవులూ ఎప్పుడూ గూడు కడిగినట్టు లేరు" అని మొదలైంది.
అక్షరాలన్నీ ఒక పక్కకు వాలినాయి,
గాలికి ఒరిగిన కొర్రచేను మాదిరి.

"మా అబ్బకు కౌజుపిట్ట ఉండేది. దీమం పిట్ట. పేరు సుబేదారు.
తెల్లారకముందే గూడుకు గుడ్డ కప్పి ఎత్తుకపోయి
పీకేసిన శెనిక్కాయ చేన్లో పెట్టి
చుట్టూ ఉరులు పరిచేవాడు.
గుడ్డ తీస్తే కూస్తుంది.
ఆ కూతకు అర్థం నన్ను విడిపించండి అని కాదు సార్,
ఈ నేల నాది అని.
జానెడు గూట్లో నిలబడుకోని.
అడవి పిట్ట పరిగెత్తుకోనొస్తుంది,
కాపాడేదానికి కాదు, కొట్లాటకు.
ఉరి కాలికి పడేదాకా దానికి గూడు కనపడదు.
ఆ పొద్దు మా ఇంట్లో కూర."

(సార్ కాదు నాయనా, మేడం.
నువ్వూ ఆడబిడ్డవో మగబిడ్డవో నాకు తెలీదులే.)

"ఒక తూరి అబ్బ సంతకు పోయినప్పుడు తలుపు తీసినా.
బయటికొచ్చింది. చెదలు ఏరుకోని తినింది. మట్టిలో పొర్లింది.
మళ్లా లోపలికి పోయి, అప్పుడు కూసింది.
బయట ఉన్నంతసేపూ నోరు తెరవలేదు.
రెండో కవి దీన్ని భయం అన్నాడు.
నేను అనను. ఏమనాలో నాకు తెలీదు.
భేదాలు రాయమన్నారు. ఇదే."

ముగింపు లేదు. కింద అర పేజీ ఖాళీ.

పంతొమ్మిదేండ్లుగా ఆ రెండు కవితల్నీ
గొంతెత్తి చదువుతున్నా క్లాసులో.
చివరి చరణం దగ్గర గొంతు వణికించడం కూడా వచ్చు నాకు.
అది విని తెలుగు ఎమ్మే చేరిన పిల్ల
ఇప్పుడు నా పక్క బల్ల మీదనే పేపర్లు దిద్దుతోంది.
కాంట్రాక్టు. ఏడాదికోసారి రెన్యువల్ కాగితం మీద
నా సంతకం అడుగుతుంది, తల వంచుకోని.

చీఫ్ ఎగ్జామినర్ వచ్చి నిలబడ్డాడు:
"ఇంకా ఎన్ని మేడం?"
ఏడు, అన్నా.

సామ్యాలకు సున్నా. భేదాలకు నాలుగు.
ముగింపు గడి దగ్గర పెన్ను ఆగింది.

కిటికీ మెష్ అవతల, ఇటుకలపల్లి గుట్టల వైపు
కౌజు ఒకటి కూస్తోంది ఈ ఎండలో,
ఆగి ఆగి.
కూతను బట్టి తెలీదు, అది దేంట్లో ఉండి కూస్తోందో.
కాసేపటికి ఇంకోటి బదులిచ్చింది,
పరిగెత్తుకోనొస్తా.