దుబాసీ

కుతాయిసిలో మూడు రోజులుగా ముసురు.
అంధుల బడి పైగదిలో
బ్రెయిలీ ప్రింటర్ ఉలుకూ పలుకూ లేకుండా పడుంది.
ఇనుప బీరువాలో సగం ఉంటుంది, ఇరవై రెండేళ్లది.
నడిస్తే కింది తరగతిలో సున్నం రాలుతుందట.
సోమవారం పదకొండు మంది పిల్లలకు లెక్కల పరీక్ష.

కొత్త కంప్యూటర్ వచ్చి వారం.
అచ్చుకి పంపగానే
తెరంతా నీలమై, నాలుగు తెల్లక్షరాలు కక్కి
తనంతట తనే చచ్చి
తనంతట తనే లేస్తోంది.

పెట్టెలు విప్పడం నా బతుకుతెరువు.
ముందు మెమరీని అనుమానించాను,
తీసి, తుడిచి, గూడు మార్చాను.
తర్వాత కరెంటుని.
ఆ తర్వాత, సిగ్గు విడిచి చెబుతున్నా, ఎలుకల్ని.

మూల కుర్చీలో త్సియాలా ఊలు అల్లుతోంది.
ముప్పై ఏళ్లుగా ఈ బడి పుస్తకాలన్నీ
ఆమె వేళ్ల కిందుగా వెళ్లినవే.
"చచ్చే ముందు నీకేం కనిపిస్తుంది మల్ఖాజ్?"
లేత నీలం, అన్నాను.
"మన భాషలో దాన్ని ఆకాశం రంగంటాం.
నేను అదీ చూళ్లేదు, ఇదీ చూళ్లేదు.
వినిపించేది చెప్పనా?
చదివే గొంతు 'పంపుతు' దగ్గర తెగిపోతుంది.
అంతకు రవ్వంత ముందు
పెట్టెలో ఎడమ పక్క, అడుగున, టిక్కుమని ఒకటి.
ప్రతిసారీ.
మెమరీకి గొంతుంటుందా నాయనా?"

ఉండదు.
ఎడమ పక్క అడుగున ఉన్నది
పాత కంప్యూటర్ నుంచి నేనే పీకి తెచ్చిన కార్డు.
దాని డ్రైవర్ పుట్టి ఇరవయ్యేళ్లు దాటింది.

డ్రైవరంటే ఏమిటంది.
దుబాసీ, అన్నాను.
రాజుది ఒక భాష, వచ్చినవాడిది ఒక భాష,
నడుమ నిలబడి మాట మోసేవాడు.
రాజు మారాడు, కోట మారింది,
కొలువు మర్యాదలు మారాయి.
ఈ ముసలాయనకి కబురందలేదు.
పాత అలవాటున
అడక్కుండానే లోపలి గది తలుపు తోశాడు.
కొత్త రాజు వాదించడు,
దివాణం దీపాలన్నీ ఒక్క ఊపున ఆర్పేస్తాడు.

"పాపం" అంది. ఎవర్నో అడగలేదు.

సేఫ్ మోడ్‌లో లేపి దుబాసీని పంపేశాను.
ఆ సాయంత్రమంతా కంప్యూటర్ ఒక్కసారీ పడలేదు.
ప్రింటర్ ఒక్క చుక్కా పొడవలేదు.
రోగం కుదిరింది, మాట పోయింది.
కార్డు కంపెనీ నంబరుకి ఫోన్ చేస్తే
టైర్ల కొట్టువాడు ఎత్తాడు.
మర్యాదగానే మాట్లాడాడు, శీతాకాలం టైర్లు కావాలా అన్నాడు.

చివరికి, సామాన్ల గదిలో
చిరిగిన డోలు కింద దొరికింది పాత కంప్యూటర్.
దుమ్ము దులిపి, కార్డు దానికే తిరిగిచ్చి,
నెట్ తీగ తెంపి పక్కన పెట్టాను.
పరీక్ష కాగితం పెన్‌డ్రైవ్‌లో, అరచేతి మీద, ఇటు నుంచి అటు.
నాలుగడుగుల ప్రయాణం.

రాత్రి పదిన్నరకి సుత్తులు లేచాయి.
గోడ అదిరింది. కింద సున్నం రాలే ఉంటుంది.
త్సియాలా మొదటి పేజీ మీద వేళ్లు నడిపి
నాలుగో లెక్కలో ఏడు తప్పంది.
అది యంత్రం తప్పు కాదు, నేను కొట్టిందే.

పోయే ముందు పాత పెట్టె మీద
'దీన్ని అప్‌డేట్ చేయొద్దు' అని చీటీ అంటించాను.
"ఇక్కడ అదెవరు చదువుతారు?" నవ్వింది.
పలకా మొనా తీసి, కుడి నుంచి ఎడమకి,
టక టక ఏదో పొడిచి, నా చీటీ పక్కనే అతికించింది.
నాదానికంటే రెండింతలు పొడుగు.

ఏం రాశావన్నాను.
ఊలు ఉండ సంచిలో వేసుకుంటూ
"వేలుందిగా" అంది.